కురుచ కురుల సొగసు

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినను అందమే యను సామెత తెలుగునాట తరతరములుగా వినబడుచున్నది. అందులో ప్రశంస కంటె దెప్పుపాలే ఎక్కువ. జుట్టు లేని యామె యెన్ని హంగులు చేసికొన్నను ప్రయోజనము లేదను తీర్పు ఆ మాటచాటున దాగియున్నది. నడుము దాటి వ్రేలాడు వాలుజడను, దానిపై వరుసగా కూర్చిన బంగారుబిళ్ళలను, కొసను ఊగులాడు జడకుప్పెలను, నడినెత్తిని నాగరమును చూచి చూచి యలవాటుపడిన మన కంటికి మెడ దాటని జుట్టు ఎదురైనపుడు ఏదియో వెలితిగా తోచుటలో వింత లేదు. అయినను, నేడు కళాశాలల వాకిళ్ళలో, కార్యాలయముల మెట్లమీద, రైల్వే ప్లాట్‌ఫారములపై కనబడు యువతులలో చాలమంది ఆ వెలితిని కోరి తెచ్చుకొన్నవారు, తెచ్చుకొన్న పిమ్మట, "ఉన్న యీ నాలుగు వెండ్రుకలతో నేమి చేయుదును?" అని అద్దముముందు దిగులుపడుచున్నవారును వారే. కొప్పునకు జుట్టు రాశిగా నుండవలెను. పొట్టిజుట్టునకు, అందును వంకలేని తిన్నని జుట్టునకు, ఒక మంచి రేఖ యున్న చాలును. పాపిడి ఒక రేఖ, నుదుటిపై ముంగురుల అంచు ఒక రేఖ, చెంపప్రక్క కత్తెర విడిచిన కొస మరియొక రేఖ. ఈ మూటిని దిద్దుకొనుట తెలిసిన యామెకు కొత్తరూపు వెదకికొనుటకు ఎక్కడికిని పోనక్కరలేదు.

మన పెద్దలకు కత్తెర యనిన గిట్టకపోవుటకు కారణము లేకపోలేదు. స్త్రీ తలపై జుట్టు పొట్టిగా కనబడినచో ఆ యింట వైధవ్యమో, విషజ్వరమో, తిరుపతి మ్రొక్కో యుండవలెనని జనులు ఊహించెడివారు. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహమును జరిపించునాటికి, భర్తృవియోగము కలిగిన బాలికకు శిరోముండనము చేయించుట మన బ్రాహ్మణ గృహములందు అంగీకృతమైన యాచారము. అటువంటి దుఃఖస్మృతి తలనుండి తొలగుటకు రెండు మూడు తరములైనను పట్టును. మ్రొక్కుమాట వేరు. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించి ప్రసన్నవదనములతో తిరిగివచ్చు స్త్రీలు నేటికిని ఎందరో యున్నారు. పూర్తిగా ఈయలేనివారు మూడు కత్తెరలిచ్చి స్వామికి దండము పెట్టుకొనుచున్నారు. తలవెండ్రుక నెలకు ఇంచుమించుగా ఒక సెంటీమీటరు పెరుగును గనుక, గుండు చేయించుకొన్న యామె జుట్టు చెవుల నందుకొనుటకు సుమారొక సంవత్సరము పట్టును. సోకునకై కత్తిరించుకొన్న యువతికంటె, ఆ సంవత్సరకాలము తలపై కొంగు కప్పుకొని తిరుగు గృహిణికే పొట్టిజుట్టు దిద్దుకొను విద్య ఎక్కువ అవసరమని నా యభిప్రాయము.

పడమటి దేశములందైనను కత్తెర సులభముగా చెల్లుబడి కాలేదు. పారిసున స్థిరపడిన పోలండు దేశస్థుడగు ఆంత్వాన్ అను కేశశిల్పి, వీరవనిత జోన్ ఆఫ్ ఆర్క్‌ను తలచుకొని, 1909 ప్రాంతమున స్త్రీల జుట్టును చెవులవరకు కత్తిరించుట మొదలిడెను. కొన్నేండ్లకు, మొదటి ప్రపంచయుద్ధము నాటికి, ఐరీన్ కాసిల్ అను నర్తకి తన జుట్టును కురుచ చేసికొనగా అమెరికాలో ఆ తీరు ఆమె పేరిటనే ప్రచారమయ్యెను. 1929లో వెలువడిన 'పాండోరాస్ బాక్స్' అను మూకీచిత్రమున లూయీస్ బ్రూక్స్ ధరించిన తలకట్టు నేటికిని పాతబడలేదు: నల్లని తిన్నని జుట్టు, కనుబొమలవరకు నేరుగా దిగిన ముంగురులు, చెంపలమీదికి ముందునకు వంగి మొనదేలిన కొసలు. మన దేశపు స్త్రీలకు సహజముగా లభించు నల్లని జుట్టునకు ఇంతకన్న తగిన మాదిరి మరియొకటి దొరకదు.

అయితే పొట్టిజుట్టును శాస్త్రముగా మార్చినవాడు విడాల్ ససూన్. ఇతడు 1928లో లండను నగరమున జన్మించి, పేదరికముచే బాల్యమున కొన్నేండ్లు అనాథాశ్రమమున గడపి, పదునాలుగవ యేట ఒక కేశశాలలో శిష్యుడుగా చేరెను. ఆ కాలపు దొరసానులు వారమునకొక పర్యాయము కేశశాలకు పోయి, జుట్టును రోలర్లకు చుట్టించుకొని, వేడిగాలి టోపీక్రింద గంటలకొలది కూర్చుండి, తుదకు లక్కవంటి ద్రావకము చల్లించుకొని, ఆ కట్టు చెదరునను భయమున వారమంతయు తలను దిండుపై నిశ్చింతగా ఆన్చుకొనజాలక బాధపడెడివారు. ససూన్ ఈ బాధనంతటిని కత్తెరతో తొలగింపదలచెను. ఆధునిక వాస్తుశిల్పమున మక్కువ గల యతడు భవనమునకు కోణములు నిర్ణయించినట్లే తలయెముకల తీరును, దవడవంకను, మెడపొడవును చూచి కోణములు నిర్ణయించి కత్తిరించెను. తల విదిలించినచో జుట్టు తనంతట తాను స్వస్థానమున వచ్చి పడవలెననునది అతని సిద్ధాంతము. 1963లో నాన్సీ క్వాన్ అను నటికి నడుమువరకు పెరిగిన తిన్నని నల్లని జుట్టును ఒక చలనచిత్రము కొరకు అతడు కత్తిరించి, మెడవెనుక పొట్టిగను, ముందుకు వచ్చుకొలది గడ్డమువైపు ఏటవాలుగా పొడవగునట్లును దిద్దిన తీరు పత్రికల ముఖచిత్రములకెక్కి లోకమంతట వ్యాపించెను. హాంకాంగున పుట్టిన యామె జుట్టు అంత తిన్ననిది కాకున్న ఆ రేఖ అంత స్ఫుటముగా వచ్చియుండెడిది కాదు. మన పట్టణములలోని పార్లరులలో నేడు 'ఎ-లైన్ బాబ్' అని చేయుచున్నది ఆ వంశములోనిదే.

తిన్నని జుట్టు స్వభావము తెలియనిదే దానిని మచ్చిక చేయుట కష్టము. అటువంటి వెండ్రుకను అడ్డముగా కోసి సూక్ష్మదర్శినిలో చూచినచో ఇంచుమించు గుండ్రముగా కనబడును. ఉంగరముల జుట్టునందు అది కోలగానో చదునుగానో యుండును. గుండ్రని వెండ్రుకపై ఎక్కడను మలుపు లేదు గనుక, మాడున పుట్టిన జిడ్డు అడ్డు లేక కొసవరకు జారును. తలస్నానమైన మరునాటికే కుదుళ్ళు అణగి జుట్టు మాడున కతుక్కొనుటకు ఇదియే కారణము. పెట్టిన క్లిప్పు గంటలోపున జారి భుజముమీద పడుటకును ఇదియే కారణము. ఇక, ఈ జుట్టు ఏ లోపమును దాచదు. సున్నము వేసిన గోడపై గీత కనబడినట్లు, కత్తెర ఒక నూలువాసి తప్పినను తిన్నని జుట్టుపై మెట్టు స్పష్టముగా కనబడును. కావుననే నిపుణులు తడిజుట్టును కత్తిరించిన పిమ్మట దానిని పూర్తిగా ఆరబెట్టి, దువ్వి, అంచును మరియొకమారు సరిచేయుదురు. ఆ రెండవ పరీక్ష చేయని చోట జుట్టు కత్తిరించుకొనకుండుట మేలు.

మరియొక రహస్యము కూడ నెరుగవలెను. వెండ్రుక కెరటిన్ అను మాంసకృత్తుతో నిర్మితమైనది. ఆ పోగుల నొండొంటికి పట్టియుంచు బంధములలో కొన్ని నీరు తగిలినచో విడిపోయి, ఆరునపుడు మరల ఏర్పడును. జుట్టు ఏ భంగిమలో ఆరినదో ఆ భంగిమనే తిరిగి తడియువరకు నిలుపుకొనును. ఉదయమున ఒక గరిటెడు నీటితో కుదుళ్ళను తడిపి, కోరిన వైపునకు దువ్వి, పిన్ను పెట్టి, కాఫీ త్రాగునంతసేపు ఆగినచో ఏ యంత్రమును లేకయే జుట్టు మాట వినును. కాకినాడ, విశాఖపట్టణము వంటి తీరప్రాంతములలో గాలిలోని తేమయే ఆ బంధములను సడలించును గనుక అచటివారు చిన్న పిన్నులపై కొంత యెక్కువగా ఆధారపడక తప్పదు.

ఇక పాపిడి. పైసా ఖర్చు లేని యాభరణమిది. మన తల్లులు ముక్కుకు సూటిగా నడిమిపాపిడి తీసి, దాని మొదట కుంకుమ దిద్దిన యలవాటుచే మనలో చాలమంది పుట్టినది మొదలు ఒకేచోట పాపిడి తీయుచుందురు. ఆచోట జుట్టు పలుచనై మాడు వెడల్పుగా కనబడుటయు నందుచేతనే. తోకదువ్వెన కొసను కనుబొమ విల్లు ఎత్తైన చోటికి సరిగా పైన నిలిపి, అటనుండి నడినెత్తివైపు ఏటవాలుగా తీసికొనిపోయినచో లోతైన ప్రక్కపాపిడి యేర్పడును. ఇన్నాళ్ళు ఒకవైపునకు పడుకొనుట నేర్చిన వెండ్రుకలు రెండవ వైపునకు పంపబడినపుడు కుదుళ్ళకడ తామే లేచి నిలుచును. ఆ యెత్తుతో అణగిన జుట్టు దట్టముగా కనబడును. గుండ్రని ముఖమునకు ఈ పాపిడి కొంత పొడవు నిచ్చును. అదే దువ్వెన కొసతో ఎడమకు కొంత, కుడికి కొంత నడిపించి మెరుపుతీగవలె వంకరపాపిడి తీసినచో పలుచని మాడు తెలియదు, జిడ్డు కూడ కొంత మరుగుపడును. పండుగనాటి హడావిడిలో తలస్నానమునకు తీరిక లేని యిల్లాలికి ఇది యక్కరకు వచ్చును. అసలు పాపిడియే లేక, తడిజుట్టును నుదుటినుండి వెనుకకు దువ్వి, వేరుసెనగ గింజంత జెల్‌ను అరచేతులలో రుద్ది పైన రాసి, చెవులవెనుక చదునుగా ఒదిగించుట సాయంకాలపు విందులకు తగినది. పెద్దజుమికీలను ధరించు ముచ్చట యున్నవారికి ఇంతకంటె అనుకూలమైన తలకట్టు లేదు. పొడవైన జుట్టు వాటిని కప్పివేయును.

ముంగురుల విషయమున ఒకమాట. 1960లో వెలువడిన 'లవ్ ఇన్ సిమ్లా' అను హిందీ చిత్రమున నటి సాధన నుదురు విశాలముగా కనబడుచున్నదని, దానిని కప్పుటకు దర్శకుడు ఆర్.కె. నయ్యర్ ఆడ్రీ హెప్‌బర్న్ తరహాలో ముంగురులను కత్తిరింపజేయగా, ఆ 'సాధనా కట్' కొరకు దేశమంతటను యువతులు అద్దములముందు కత్తెరలు పట్టిరి. నుదుటి నడ్డముగా నిండ కప్పు ముంగురులు కోలముఖమునకు శోభనిచ్చును గాని, మన వేసవి వాటికి శత్రువు. మే మాసపు చెమటకు అవి నుదుటి కంటుకొని చిన్న పొక్కులను కలిగించును. పైగా మూడు నాలుగు వారముల కొకమారు కత్తిరింపకున్న కండ్లలో పడును. నడుమ చీలి తెరవలె చెరియొక చెంపకును దిగు ముంగురులు మన యెండలకు ఓర్చుకొనగలవు; విసుగెత్తినపుడు రెండు స్లైడులతో వెనుకకు నెట్టివేయవచ్చును.

జడ వేయుటకు జుట్టు లేదను విచారము వలదు. తలయంతయు జడయే కానక్కరలేదు గదా! ప్రక్కపాపిడి తీసి, పాపిడి మొదట నుదుటికడనుండి వ్రేలెడు వెడల్పుగల పాయను గ్రహించి, దానిని రెండుగా చీల్చి, పైదానిని క్రిందిదానిపై ఒకమారు మెలివేయవలెను. పిమ్మట నుదుటి యంచునుండి మరికొంత జుట్టును క్రిందిపాయలో కలుపుకొని మరల మెలివేయుచు, చెవి పైభాగమువరకు అట్లే సాగవలెను. అచ్చట మెలిక విడిపోకుండ పిన్ను పెట్టుటలోనే పనితనమంతయు నున్నది. మనలో నూటికి తొంబదిమంది స్లైడును తలక్రిందులుగా పెట్టుదురు. దానికి ఒకకాలు చదునుగను, ఒకకాలు వంకలతోను ఉండును. వంకలున్న కాలు మాడువైపున నుండినచో అవి వెండ్రుకలను పట్టుకొనును. ఒక స్లైడు జారుచున్నదని తోచినపుడు రెండవదానిని దానికి అడ్డముగా, గుణకారపు గుర్తువలె దూర్చినచో రెండును కదలవు. మరీ జారుడుజుట్టు గలవారు స్లైడుపై కొంచెము హెయిర్ స్ప్రే కొట్టి, అది తడి యారకముందే పెట్టుట మంచిది. తలంటుకొన్న నాటికంటె మరునాడు ఈ మెలికలు బాగుగ నిలుచును. తిన్నని జుట్టునకు కొంత జిడ్డు తోడున్న పట్టు దొరకును.

భుజములకు చేరువైన జుట్టు గలవారు చెవులకు పైనున్న భాగమును మాత్రము గ్రహించి నడినెత్తిని చిన్న ముడిగా బిగించి, మిగిలినదానిని వదలివేయుచున్నారు. కళాశాల బాలికలకు ఇది మిగుల ప్రీతికరము. ఇంటిలో నాయనమ్మ గలదేని, "ఏమే, ఆ పిలకేమిటే!" అని యొకమాట యనక మానదు, అనినను పరవాలేదు, సాయంకాలమున ఆమెయే దానికి నాలుగు మల్లెలు చుట్టును. కొంచెము ఓపికగలవారు 1920ల నాటి అలల తీరును ప్రయత్నింపవచ్చును: తడిజుట్టునకు జెల్ పట్టించి, దువ్వెనతో ఒకమారు ముఖమువైపునకును, ఒకమారు వెనుకకును నడిపించుచు, ప్రతి మలుపుకడను క్లిప్పుతో నొక్కియుంచి, పూర్తిగా ఆరిన పిమ్మటనే క్లిప్పులు తీసినచో చెంపపై నదీతరంగములవంటి రేఖలు నిలుచును. మొదటిమారు కుదురదు, మూడవ నాలుగవ మారునకు చేయి తిరుగును.

పొట్టిజుట్టు గల పిల్ల పెండ్లికూతురు కానున్నదనగనే ఇంట కలవరము పుట్టును. పూలజడ యెట్లను ప్రశ్న పినతల్లులనుండి మేనత్తలవరకు అందరి నోటను వినబడును. దీనికి మనవారు సవరమను నుపాయమును ఏనాడో కనిపెట్టిరి. కూచిపూడి భామాకలాపమున సత్యభామ జడకు గల ప్రాధాన్యము తెలుగువారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఆ పాత్రను దశాబ్దములపాటు ధరించి ప్రసిద్ధికెక్కిన వేదాంతం సత్యనారాయణశర్మగారు పురుషులు. రంగస్థలమున సత్యభామగా ఆంధ్రదేశము నుఱ్ఱూతలూగించిన స్థానం నరసింహారావుగారును పురుషులే. తెలుగువారు మెచ్చిన సత్యభామల జడ యట్టిదైనపుడు, పెండ్లిపీటలపై కూర్చున్న పిల్లకు సవరము పెట్టుటలో సిగ్గుపడవలసిన దేమియు లేదు. మెడవెనుక చిన్న కుచ్చు కట్టుటకు చాలినంత జుట్టున్న సవరము నిలుచును. అంతకన్న పొట్టిదైనచో పూలజడబరువునకు జుట్టు లాగబడి, తలంబ్రాల వేళకు పిల్లకు తలనొప్పి తప్పదు.

అట్టి పిల్లకు సవరమును మానుమనియే నేను చెప్పుదును. నడిమిపాపిడి తీసి పాపిడిబిళ్ళ పెట్టి, దాని గొలుసుకొక్కెమును జుట్టుక్రింద స్లైడుతో నొక్కి, ఇరుచెంపల మెలికలు వేసి, ఆ మెలికలకు చెంపస్వరాల కొనలను తగిలించినచో, ఆ స్వరాలు ఎంత చక్కని నగలో అప్పుడు తెలియును. పువ్వులు కూడ మూరలకొలది వలదు. కనకాంబరములకు బరువు లేదు గనుక జానెడు దండను చెవివెనుకనుండి మెడవరకు యు-పిన్నులతో కుట్టినట్లు నిలుపవచ్చును; సువాసన కావలెననినచో నడుమనడుమ మల్లెమొగ్గలను కూర్పించుకొనవచ్చును. మెడ పూర్తిగా కనబడుటచే కంటె గాని, పుస్తెలత్రాడు గాని యెంతో ప్రకాశించును. పెండ్లి ఛాయాచిత్రములలో ఆ పిల్ల ఆ పిల్లవలెనే కనబడును. ఇదియు తక్కువ లాభము కాదు.

పోషణ సంగతి క్లుప్తముగా చెప్పెదను. వేడిపలకల స్ట్రెయిట్‌నర్‌ను తడిజుట్టుపై ఎన్నడును పెట్టరాదు. వెండ్రుకలోని నీరు ఆవిరియై దానిని లోనుండి పగులగొట్టును. ఆరినజుట్టుపైనను 180 డిగ్రీల వేడిని మించనీయరాదు, అసలే తిన్ననైన జుట్టునకు దానితో పనియు తక్కువ. కొసలను లోనికో వెలికో వంచుటకు గుండ్రని బ్రష్షును, డ్రయ్యరును చాలును. డ్రయ్యరు గాలిని కుదుళ్ళనుండి కొసలవైపు పంపినచో నిగనిగలాడును. తల వంచి వెనుకనుండి పంపినచో ఉబ్బెత్తుగా నిలుచును. నూనె మానవలదు గాని, తలంటుకు ముందురాత్రియే పట్టించి, ఉదయమున కుంకుడుకాయ రసముతోనో షాంపూతోనో కడిగివేయవలెను. సింగారించుకొన్న పిమ్మట నూనె రాచినచో చేసినదంతయు వ్యర్థమగును. ఆరేడు వారముల కొకమారు కొసలు కత్తిరింపనిచో ఎంతటి కోణమైనను రూపుచెడును. ఈ ఖర్చును ముందే లెక్కవేసికొనుట మంచిది. పొడవైనజుట్టు సోమరితనమును క్షమించును, పొట్టిజుట్టు క్షమింపదు.

కత్తెర వేయించుకొనదలచిన సోదరీమణులకు ఒక మనవి. సినిమాతార ఛాయాచిత్రమును చూపి "ఇట్లే చేయుడు" అని కుర్చీలో కూర్చుండవలదు. ఉదయమున తలకు ఎంతసేపు వెచ్చింపగలరో, చెమట యెక్కువో తక్కువో, కండ్లద్దములు పెట్టుకొందురో లేదో ముందుగా చెప్పుడు. అడిగినదానికన్న రెండు వ్రేళ్ళు పొడవుగా కత్తిరింపుమని కోరుడు. తగ్గించుట క్షణములో పని, పెంచుటకు నెలలు పట్టును. ఇదివరకే కత్తిరించుకొన్నవారు మాత్రము క్రొత్త క్లిప్పులకై బజారునకు పోవుటకు ముందు, ఈ యాదివారము తలస్నానము కాగానే, జుట్టు తడిగా నున్నపుడే, పాపిడిని ఒక్కమారు రెండవ వైపునకు మార్చి చూడుడు.